త్రికోటి మోకాలి మీద నాలుగు క్వార్టర్లు

నేను ఒక మోకాలి పట్టీని. అద్దాల షాపులో, నవ్వుతున్న ఆటగాడి బొమ్మ అంటించిన డబ్బాలో దొరికే రకాన్ని అనుకునేరు, కాదు. నా ఒంటిమీద ఏ కంపెనీ పేరూ లేదు. పల్నాడులో బండలాగుడు పందేల గిత్తలకు మెడపట్టెడలు కుట్టే ఏసోబు, ఓ పట్టెడకి కోయగా మిగిలిన తోలుతో నన్ను కుట్టాడు. ఆయన కత్తి జానెడు పక్కకి జరిగి ఉంటే ఏ గిత్త మెడలోనో మువ్వలు మోస్తూ ఊరేగేదాన్ని. జరగలేదు కాబట్టి ఓ ఆడపిల్ల ఎడమ మోకాలిని మోశాను. ఆ కత్తికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ పిల్ల పేరు త్రికోటేశ్వరి. ఇంట్లో త్రికోటి. ఆరడుగుల ఒక్క అంగుళం. ఊళ్లో ఎవరింట పందిరి వేసినా నిచ్చెన కోసం వెతక్కుండా ఆమెకే కబురు పెట్టేవాళ్లట. అంత పొడుగు చూసి బడిలో డ్రిల్లు మాస్టారు బాస్కెట్‌బాల్ చేతికిచ్చాడు. ఇరవై రెండో ఏట హైదరాబాదులో మూసీ మెరుపులు అనే జట్టు ఆమెను జీతం ఇచ్చి తీసుకుంది. అంతవరకూ కథ పరుగే.

తర్వాతంతా కుంటుడు. మొదటి ఏడాది చీలమండ బెణికింది. రెండో ఏడాది ఎడమ మోకాలిలో లిగమెంటు తెగింది. ఆపరేషను, తొమ్మిది నెలలు మంచం, కర్రలు. తిరిగొచ్చిన మూడో నెలకే అదే మోకాలిలో మృదులాస్థి చిరిగింది. మళ్లీ ఆపరేషను బల్ల. పేపరువాళ్లు ఆమె ఇంటిపేరు మరిచిపోయి 'గాయపడిన త్రికోటేశ్వరి' అని రాయడం మొదలుపెట్టారు.

ఆమెకున్న కోరిక కప్పులూ పతకాలూ కాదు. ఒక్క మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా ఆడాలి. పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, నలభై నిమిషాలు. మోకాలు తెగాక ఒక్కసారీ కుదరలేదు. మూడో క్వార్టరు సగానికొచ్చేసరికి కాలు ఈడుస్తుంది, బెంచి దగ్గర కోచ్ నీలవేణి మేడం చెయ్యి లేస్తుంది. ఒప్పందంలో ఆఖరి ఏడాది వచ్చాక మేడం తేల్చి చెప్పేసింది.

"ఈ సీజన్లో ఒక్క మ్యాచ్ అయినా పూర్తిగా నిలబడి చూపించమ్మా. లేకపోతే నీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

కంపెనీ పట్టీలేమో ఆ సన్నటి పొడుగు కాలి మీద నిలవవు. నాలుగు అడుగులేస్తే జారి పిక్కల దగ్గరికొచ్చి కూర్చుంటాయి. అందుకని ఆమె మేనమామ అంకమ్మరావు, స్వయంగా పందెం గిత్తలు మేపేవాడు, ఆమెను ఏసోబు పాకకి తీసుకొచ్చాడు.

"ఎద్దులకి కుట్టే తాత దగ్గరికి తెచ్చావేంది మామా?"

"నీ కాలు చూసినోళ్లంతా మనుషుల డాక్టర్లేగా! ఏం ఒరిగింది? కూర్చో."

"కూర్చోమాక పాపా," అన్నాడు ఏసోబు, తోలు కుట్టే ఆరె పక్కన పెట్టి. "నడువు. గిత్తని కూర్చోబెట్టి కొలత తీస్తామా యాడన్నా?"

పాక ముందు నడిపించాడు, పరిగెత్తించాడు, మూడుచోట్ల దారం చుట్టి ముడులేసి కొలత తీశాడు. తోలును మూడు రోజులు ఆముదంలో నానేశాడు. లోపల కంబళి ముక్క పెట్టి, బిగించుకోవడానికి వరుసగా రంధ్రాలు కొట్టి కుట్టాడు. కోర్టులో తోలు పైకి కనబడకూడదట. ఆయన భార్య పాత గొడుగు గుడ్డతో నల్లటి తొడుగు కుట్టింది. ఇచ్చేటప్పుడు ఏసోబు ఒక జాగ్రత్త చెప్పాడు.

"ఎండిపోతే బిగుసుకుపోద్ది పాపా. వాడే ముందు ఆముదం పట్టించు."

పాపం, ఆయన చూసిన పందేలన్నీ మట్టిలోనే. పాలిషు పెట్టిన చెక్క నేల మీద కూడా మనుషులు పరిగెత్తుతారని ఆయనకేం తెలుసు? పెద్దాయన చెప్పాడు కదా అని త్రికోటి మ్యాచ్ రోజు పొద్దున నాకు గరిటెడు పట్టించింది. రెండో క్వార్టరులో ఒళ్లు వేడెక్కేసరికి నేను కారడం మొదలుపెట్టాను. అవతలి జట్టు పిల్ల ఒకతి బంతితో వస్తూ వస్తూ చతికిలబడి, కూర్చున్నపళంగా పది అడుగులు జారుకుంటూ పోయింది. దెబ్బేమీ తగల్లేదు గానీ రెఫరీ ఈల వేశాడు. వంగి నేలను వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంటి, ఆముదం!"

హాలంతా ఒకటే నవ్వు. నీలవేణి మేడం తల పట్టుకుంది.

"ఆటకొచ్చావా తల్లీ, తలంటుకొచ్చావా?"

ఆ సాయంత్రం హాస్టల్లో త్రికోటి నాకు శనగపిండితో నలుగు పెట్టింది. రెండు రోజులు ఆరేసింది. చిత్రమేమిటంటే ఆ తర్వాత మేమిద్దరం బాగా కలిసిపోయాం. నేను జారలేదు. ఎంత ఎగిరినా ఏసోబు ముడులు కొలిచిన చోటే ఉన్నాను.

కానీ మనుషులకో అలవాటుంది. నొప్పి తగ్గడానికి కట్టుకున్న పట్టీని నొప్పి దాచడానికి వాడతారు. సీజన్ మధ్యలో మోకాలు వాచింది. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆమె నన్ను ఇంకో రంధ్రం బిగించింది.

"నొప్పా?" అని కోచ్ అడిగింది.

"లేదు మేడం."

మర్నాడు ఇంకో రంధ్రం. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ అబద్ధాన్ని నేనే గట్టిగా పట్టుకుని ఉన్నాను, నేల మీద ఆముదం కారినదాని కంటే దానికే ఎక్కువ సిగ్గుపడ్డాను. నాలుగో మ్యాచ్‌లో, మూడో క్వార్టరులో బంతి కోసం ఎగిరి దిగుతూ కాలు మడతపడి కూలబడింది. ఫిజియో నన్ను విప్పగానే వాపు పూరీలా పొంగింది. కొత్తగా ఏమీ తెగలేదు, ఆరు వారాలు విశ్రాంతి అన్నారు. కోచ్ వచ్చి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నొప్పి ఉన్నందుకు కాదమ్మా, లేదన్నందుకు బాధగా ఉంది. నీ మాట నమ్మి మిగతా నలుగురినీ ఆడిస్తున్నా నేను."

త్రికోటి నన్ను సంచిలో కుక్కి ఊరికి వచ్చింది. వాపు తగ్గాక, ఫిజియో ఫోన్లో సరేనన్నాక, బడి ఆవరణలో రింగు దగ్గర మెల్లగా మొదలుపెట్టింది. అంకమ్మరావు ప్రహరీ మీద కూర్చుని చుట్ట కాలుస్తూ మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు దిగొచ్చాడు.

"త్రికోటీ, నువ్వు ఎగిరేదంతా ఎడం కాలి మీదేనా?"

"కుడిచేత్తో వేసేవాళ్లకి అంతే మామా. చిన్నప్పట్నుంచీ అదే నేర్పారు."

"మన మైలగిత్తకి దాపట కట్టినప్పుడు భుజం పోయింది, గుర్తుందా?"

జతలో ఎడమ పక్క కట్టే ఎద్దు దాపట, కుడి పక్కది ఎలపట.

"గుర్తుంది. అందరూ అమ్మెయ్యమన్నారుగా."

"నేను అమ్మలా. ఎలపటికి మార్చి కట్టా. నెల్రోజులు అడ్డం తిరిగింది, నన్ను రెండు తన్నులు తన్నింది. ఆనక రెండేళ్లు పందెం లాగింది. నువ్వు కాడి బరువంతా ఎడం కాలి మీదే ఏసి, కుడికాలికి కూర్చోబెట్టి మేత ఏత్తన్నావు."

"నన్ను ఎద్దంటన్నావా మామా?"

"ఎద్దయితే ఈపాటికి అర్థమయ్యేది."

ఆమె నవ్వింది. నవ్వి, బంతి తీసుకుని రింగుకు ఎడమ పక్కకి వెళ్లింది. కుడికాలితో ఎగిరి ఎడంచేత్తో వేయాలి, దిగేటప్పుడు రెండు కాళ్ల మీదా దిగాలి. మొదటి బంతి చెక్కకి తగిలింది, రెండోది ఇనప స్తంభానికి, మూడోది అంకమ్మరావు ఛాతీకి.

"మైలగిత్తే నయం!" అన్నాడాయన, ఛాతీ రుద్దుకుంటూ.

రోజుకి రెండొందలు. నెల తిరిగేసరికి పదింట ఆరు పడుతున్నాయి. నా పని సగానికి తగ్గింది. ఎడమ మోకాలు ఇప్పుడు తోడు నడుస్తోంది తప్ప బండి మొత్తం లాగడం లేదు. ఇంతమంది చదువుకున్న డాక్టర్లు చూసిన మోకాలికి చుట్ట కాల్చే మనిషి దారి చూపించడం నాకు భలే నచ్చింది.

లీగులో ఆఖరి మ్యాచ్‌కి తిరిగొచ్చింది. ముందే వెళ్లి కోచ్‌తో చెప్పింది. "కాలు మార్చాను మేడం. చూడండి. నచ్చకపోతే కూర్చోబెట్టండి." కోచ్ ప్రాక్టీసులో చూసి, మొదటి అయిదుగురిలో పేరు రాసింది.

మొదటి క్వార్టరులో ఎడంచేతి బంతులు రెండు బయటికి పోయాయి. గ్యాలరీలో ఎవరో "అక్కా, అటు కాదు, బుట్ట ఇటు!" అని అరిచారు. మూడోది పడింది. రెండో క్వార్టరు గడిచింది. మూడో క్వార్టరు సగంలో నాకు తెలిసిన చిన్న వణుకు మోకాలిలో మొదలైంది. సరిగ్గా అప్పుడే బెంచి దగ్గర చెయ్యి సగం లేచింది. టైమౌట్.

"నొప్పా?"

ఆ ఒక్క మాట కోసం ఆమె గుండె ఎంత కొట్టుకుందో కాలిదాకా వినిపించింది నాకు. లేదంటే మిగిలిన పదిహేను నిమిషాలూ దొరకొచ్చు. ఉందంటే అయిదేళ్ల ఆట ఆ బెంచి మీదే ముగియొచ్చు.

"ఉంది మేడం," అంది త్రికోటి. "పదికి నాలుగు. మెట్లెక్కినప్పుడు వచ్చే నొప్పే, తెగిన నొప్పి కాదు. ఎడం కాలితో ఎగరట్లేదు."

ఫిజియో నన్ను విప్పి వేళ్లతో నొక్కి చూసింది. వాపు లేదని తల ఊపింది. నీలవేణి మేడం ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

"నాలుగు ఆరయితే నువ్వే చెయ్యెత్తాలి. నేను ఇంక నీ కాలు చూడను, ఆటే చూస్తా."

"ఎత్తుతా మేడం."

నన్ను మళ్లీ కట్టుకుంది. మామూలు రంధ్రానికే, ఒక్కటి కూడా ఎక్కువ బిగించలేదు. నొప్పి అయిదు దాకా వచ్చింది, అక్కడ ఆగింది. ఆమె చెయ్యి బంతికి తప్ప దేనికీ పైకి లేవలేదు. చివరి హారన్ మోగినప్పుడు కోర్టు మధ్యలో నిలబడే ఉంది. మా జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. త్రికోటి మాత్రం చెవుల దాకా నవ్వుతోంది.

"ఓడిపోయాం అక్కా, కాస్త ఏడుపు మొహం పెట్టు!" అని కెప్టెన్ మోచేత్తో పొడిచింది.

"పెడతన్నా ఉండవే," అంది గానీ ఎంత ప్రయత్నించినా రాలేదు. నీలవేణి మేడం వచ్చి తువ్వాలు ఆమె భుజాన వేసి, "నలభై," అంది. వారం తిరక్కుండా ఇంకో రెండేళ్లకి కాగితం మీద సంతకం అయింది.

మరుసటి సీజన్ మొదటి మ్యాచ్ రోజు నన్ను హాస్టల్ కిటికీలో ఆరేసి, బస్సు హారన్ వినగానే పరిగెత్తింది. సాయంత్రం వచ్చి నన్ను చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, నిన్ను మరిచేపోయానే!"

అన్నాక ఆగిపోయింది. మంచం మీద కూర్చుని ఎడం కాలు రెండుసార్లు మడిచి చాచింది. నాలుగు క్వార్టర్లూ ఆడి వచ్చిందట, నేను లేనన్న సంగతే గుర్తు రాలేదట. ఒక మోకాలి పట్టీకి ఇంతకంటే గొప్ప మాట ఏ మనిషి చెప్పగలడు?

ఇప్పుడు గాలికి కొట్టుకునే ఆ కిటికీ రెక్కను పట్టుకుని ఉంటున్నాను. పని తేలిక. పొద్దున్నే ఆమె ప్రాక్టీసుకి బయల్దేరి మెట్లు దిగుతుంటే చెవి ఒగ్గి వింటాను. కుడి అడుగు, ఎడమ అడుగు, రెండిటిదీ ఒకటే చప్పుడు.