ముఖము ఎర్రబడుటకు ముందు జరిగినది

పరశురాములు మళ్ళీ తాగుతున్నాడన్నది అతని భార్య నిర్మలమ్మకు అనుమానం కాదు, నిశ్చయం. ఆ మాట ఒక డాక్టరు నోటి నుంచి రావడమొక్కటే మిగిలింది. అందుకే ఆ సోమవారం గొర్ల మందను పక్కింటివాళ్ళకు అప్పజెప్పించి, మొగుణ్ణి కల్వకుర్తిలో బస్సెక్కించి పాలమూరు తీసుకొచ్చింది. జిల్లాలు విడిపోయి ఎన్నేళ్ళయినా వాళ్ళ ఊరివాళ్ళకు పెద్ద రోగమంటే పాత జిల్లా కేంద్రం పాలమూరు దవాఖానే.

పరశురాములు పన్నెండేళ్ళు కల్లు తాగాడు. పద్నాలుగు నెలల కింద మల్లన్న మీద ఒట్టేసి మానేశాడు. ఆ రోజే నిర్మలమ్మ కూడా ఒక మాట అన్నది. మళ్ళీ ఒక్క చుక్క ముట్టినట్టు తెలిసినా కేతేపల్లిలో తమ్ముడింటికి పోతాను, ఇక తిరిగి రాను అని. ఆమె అన్నదంటే అన్నదే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, పరశురాములుకు ఇంకా బాగా తెలుసు.

మానేసిన మూణ్ణెల్లకు అతని ముక్కు మీదా బుగ్గల మీదా పొక్కులు లేచాయి. ఉన్నట్టుండి ముఖం ఎర్రబడేది. నల్లటి మనిషి కాబట్టి ఊళ్ళో ఎవరికీ ఆ ఎరుపు కనపడేది కాదు. పన్నెండేళ్ళు గడపలో నిలబడి ఆ ముఖాన్ని పరీక్ష చేసిన నిర్మలమ్మ కంటి నుంచి మాత్రం తప్పించుకోలేకపోయింది.

డాక్టరు పేరు నిరోష. చర్మరోగాల పెద్దచదువు చదువుతున్న పడుచుపిల్ల. ముఖమంతా భూతద్దం పెట్టి చూసింది, ముక్కు మీద చిన్నగా గీకి ఏదో తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"తాగుడుతోనే గద డాక్టరమ్మా?" అంది నిర్మలమ్మ ఆశగా.

"కాదమ్మా. దీన్ని రోసేషియా అంటరు. ఎందుకొస్తదో ఇంకా ఎవరికీ పూర్తిగా తెల్వదు. ఎన్నడూ తాగనోళ్ళకు కూడా వస్తది. వచ్చినోళ్ళకు ఎండ, వేడి, కారం, కల్లు, మనసుల ఫికర్, వీటితోని ఎక్కువైతది."

ఇన్ని చెబితే నిర్మలమ్మ చెవికి కల్లొక్కటే ఎక్కింది.

"ఇంకోటి. కంటికి కనవడని పురుగులు అందరి ముఖాల మీద ఉంటై. మీ ఆయనకు జర ఎక్కువున్నై."

"అందరికీ అంటే?"

"మీకు, నాకు గూడ."

నిర్మలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపాగి మళ్ళీ తుడుచుకుంది. నిరోష రాసిచ్చిన మందు పేరు వినగానే, అప్పటిదాకా నోరు విప్పని పరశురాములు ముఖం విప్పారింది.

"ఐవర్‌మెక్టినా? గిది మేం గొర్లకు ఏస్తం గద!"

"అదేనయ్యా. మనుషులు ముఖానికి పూసుకునేటట్టు తయారుచేస్తరు."

"మంచి మందు డాక్టరమ్మా. మా పొట్టేలుకు వారంల నయమైంది."

నిర్మలమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. తాగుబోతని రాసివ్వమని తీసుకొస్తే, గొర్రె మందు రాసిచ్చి పంపుతారా? ఆమె లేవబోతుంటే నిరోష ఆపింది. పుస్తకాల్లో ఈ రోగం బొమ్మలన్నీ తెల్లవాళ్ళవేననీ, మన చాయ మీద ఎరుపు తేలక ఇది చాలామందిలో బయటపడదనీ, తన పరిశోధన దాని మీదేననీ చెప్పింది.

"మా సార్లకే అందని ఎరుపు మీరు దూరంకెల్లి పట్టిండ్రు. నాకొక సాయం చెయ్యాలె. నెల దినాలు ఈ కాగితాలు నింపుకొని రండి. ఎప్పుడు ఎర్రబడ్డది, దానికి ముందు ఏం జరిగింది. ఎవరి ముఖం వాళ్ళకు కనవడదు గద, అందుకే మిమ్మల్నడుగుతున్న. ఏం తాగినా దాచకుండ రాయండి."

ఏం తాగినా దాచకుండా! నిర్మలమ్మకు ప్రాణం లేచొచ్చింది. కాగితాలు లాక్కున్నట్టే తీసుకుంది.

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఊళ్ళో మహిళా సంఘం మీటింగులు రాసేది ఆమే. ముందు జరిగింది ముందు, వెనక జరిగింది వెనక, ఉన్నది ఉన్నట్టు రాయడంలో ఆమెను మించినవాళ్ళు మండలంలో లేరు. అధ్యక్షురాలు ఆవులిస్తే ఆవులించిందనే రాసేది. ఇంటికి రాగానే తుపాకీ బదులు పెన్ను పట్టిన సిపాయిలా తయారై, మూడో తేదీన మొదలుపెట్టింది.

'సాయంత్రం ఆరు గంటలకు సదరు వ్యక్తి మందతో ఇల్లు చేరినాడు. ముఖము మామూలుగా ఉన్నది. విచారణ జరపబడినది. ఆరు గంటల రెండు నిమిషములకు ముఖము ఎర్రబడినది. నోటి వాసన చూడబడినది. వాసన లేదు.'

వాసన లేకపోవడం ఆమెకు పెద్ద దెబ్బ. మర్నాడు ఇంకా గట్టిగా విచారించింది. ముఖం ఇంకా గట్టిగా ఎర్రబడింది. వారం చూసి, నేరుగా కల్లు కంపౌండుకే వెళ్ళి, దాన్ని నడిపే యాదయ్యను నిలదీసింది.

"మా ఆయన ఎన్నింటికొస్తాండు?"

"గీడికి రాక ఏడాది దాటింది వదినా," అన్నాడు యాదయ్య దిగులుగా. "జర నువ్వన్న చెప్పరాదు, నెలకోపారి వచ్చి పొమ్మని."

అది కూడా ఆమె కాగితంలో రాసింది.

నెల తిరిగేసరికి ఇరవై ఎనిమిది రోజుల కాగితాలు నిండాయి. ఒక్క చోట కూడా కల్లు లేదు. దానికి సంతోషించాలో, ఇంత తెలివిగా ఎక్కడ తాగుతున్నాడని మండిపడాలో తేలక, ఆ రెండూ కలిపి మోసుకుంటూ మొగుడితో మళ్ళీ పాలమూరు వచ్చింది.

పొక్కులు తగ్గాయి. ఎరుపు మాత్రం తగ్గలేదు. నిరోష కాగితాలు చదువుతూ పక్కన గీతలు గీసుకుంది.

"ఎండకు పదకొండు సార్లు. వేడి చాయ్‌కి నాలుగు. పచ్చిమిర్చి తొక్కుకు మూడు. విచారణకు ఇరవై ఆరు." తలెత్తింది. "విచారణ అంటే ఏందమ్మా?"

"తాగినవా అని అడుగుడు."

"ఎవరు అడుగుడు?"

నిర్మలమ్మ కొంగు సర్దుకుంది. పరశురాములు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"రోజూ అడిగినంక రెండు నిమిషాలకు ఎర్రబడ్డది. రెండు రోజులు మాత్రం సాయంత్రం పూట ఎరుపు లేదు. ఆ రెండు రోజులు ఏమైంది?"

"సంఘం మీటింగుకు పోయిన. నేనొచ్చేసరికి ఆయన పండుకున్నడు." అంది నిర్మలమ్మ.

"గుండెలు అదిరినప్పుడు, తప్పు చెయ్యకున్నా మాట పడ్డప్పుడు, ఈ రోగమున్నోళ్ళకు రక్తమంతా ముఖానికొస్తది. దాన్ని చూసి మీరు ఇంకా గట్టిగా అడిగిండ్రు. మందు పని మందు చేస్తాంది. మిగిలినదానికి నా కాడ మందు లేదు."

పిల్ల మెత్తగానే చెప్పింది. అయినా నిర్మలమ్మకు నేల చీలి తనను మింగితే బాగుండుననిపించింది. ఎవరో చెప్పుంటే కొట్టిపారేసేది. తన చేతిరాతను ఎట్లా కొట్టిపారేస్తుంది? బయటికొచ్చి వరండా బల్ల మీద కూలబడింది. సిగ్గు వేసింది. దాని వెనకే మొగుడి మీద కోపమొచ్చింది.

"నోట్ల నాలుక లేదా నీకు? నేను తాగలేదే పిచ్చిదానా అని గట్టిగ చెప్పరాదా?"

"చెప్పిన. పదిహేను నెలలు చెప్పిన."

"గట్ల కాదు. నేను నమ్మేటట్టు."

పరశురాములు కాసేపు రుమాలు మడిచాడు, విప్పాడు.

"పన్నెండేండ్లు నువ్వు అడిగినప్పుడల్ల, తాగొచ్చి తాగలేదన్న. గప్పుడు గిదే నోరు, గిదే మాట. ఇప్పుడు నిజం చెప్దామంటే నాకాడ ఇంకో మాట లేదాయె. నువ్వు నమ్మకపోతే తప్పు నీదెట్లయితది?"

నిర్మలమ్మకు దుఃఖం పొంగింది. తాగిన పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అతని మీద ఇంత జాలి కలగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని, వచ్చేపోయే రోగులు చూస్తున్నా ఆగకుండా ఏడ్చింది. పరశురాములు చాయ్ తేబోయి, వేడిదని గుర్తొచ్చి, నీళ్ళ సీసా తెచ్చాడు.

బస్సులో కిటికీ వైపు ఎండ పడుతోందని ఆమె అటు కూర్చుని, అతన్ని ఇటు కూర్చోబెట్టింది. మీటింగుల్లో పదిమంది ముందు తడుముకోని మనిషి, ఆ ఒక్కమాట కోసం చాలాసేపు తంటాలు పడింది. చివరికి కిటికీ వైపు చూస్తూ అన్నది.

"నువ్వు తాగలేదు. నాకు తెలుసు."

పరశురాములు ముఖం చెవుల దాకా ఎర్రబడింది. జడ్చర్ల దాటినా ఆ ఎరుపు దిగలేదు. నిర్మలమ్మ దాన్ని చూసింది, ఏమీ అడగలేదు.