కుర్చీల బస్సు

ఇన్‌స్పెక్టరమ్మ పక్క సీట్లో కూర్చుని, "ఊఁ, పోనివ్వండి" అంది. డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది.

తాగిన మైకంలో ఖాళీ బస్సును డిపో గోడకు గుద్ది ఉద్యోగం పోగొట్టుకున్నాక అతను స్టీరింగు పట్టుకోవడం ఇదే మొదలు. తిరిగి ఉద్యోగం ఇవ్వచ్చో లేదో తేల్చే పరీక్ష ఇది. ఆ వేళ బస్సులో జనం ఉండి ఉంటే? ఆ ఆలోచన అతన్ని ఇప్పటికీ వదల్లేదు. అప్పటినుంచీ పగలంతా చికిత్సా కేంద్రంలో గడుపుతున్నాడు. అక్కడ డాక్టరు మాత్రలిస్తుంది. తర్వాత అందరూ గుండ్రంగా కుర్చీలేసుకుని ఒకరి గోడు ఒకరు వింటారు. రాత్రికి, తాగుడు మానినవాళ్ళంతా కలిసి అద్దెకుండే ఇంటికి చేరతాడు. అక్కడ వంటా, గిన్నెలూ వంతుల వారీగా చేసుకోవాలి. పక్క మంచం లెక్కల మాస్టారిది. ఆయన మానేసి చాలా కాలమే అయినా, కొత్తగా వచ్చేవాళ్ళకి తోడుగా ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. "మందు మానడానికి మందు మింగే వింత మనుషులం మనం" అని పొద్దున్నే మాత్రలు అందిస్తూ నవ్విస్తుంటాడు.

"వెనక్కి పోనిచ్చి, ఆ రెండు స్తంభాల మధ్య పెట్టండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

డ్రైవరు ఒకసారి ఎడమ అద్దంలోకి, ఒకసారి కుడి అద్దంలోకి చూశాడు. అంత పెద్ద బండీ వెన్నలో కత్తి దిగినట్టు స్తంభాల మధ్యకి దిగింది. ఎక్కడా రాసుకోలేదు.

"ఆపండి. మీ చేతులు చూపించండి."

ముందుకు చాచాడు. వణుకు ఉందేమోనని ఆమె కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

"సరే. సోమవారం నుంచి డ్యూటీకి రండి. రోజూ తాగలేదని గొట్టంలో ఊది చూపించాకే బండి తియ్యాలి."

"రోజుకి పదిసార్లు ఊదమన్నా ఊదుతానమ్మా!"

"ఒక్కసారి చాలు. బస్సు ఆలస్యమవుతుంది" అంటూ ఆమె నవ్వాపుకుంటూ దిగిపోయింది.

ఇంక చూడాలి డ్రైవరు సంబరం! కాళ్ళు నేల మీద నిలవలేదు. డిపోలో పాత నేస్తం, కండక్టరు, పరుగున వచ్చి అమాంతం ఎత్తుకున్నాడు. మెకానిక్కులు చేతిలో రెంచీలతోనే చుట్టూ మూగారు.

"పదరా, ఎదురుగా కూర్చుందాం. నువ్వు జ్యూసే తాగుదువుగాని!" అన్నాడు కండక్టరు.

ఎదురుగా అంటే బారే. ఆ ఊపులో డ్రైవరు వాళ్ళతో పాటు రోడ్డు దాటేశాడు. మెట్టెక్కుతుంటే తలుపు తెరుచుకుంది. లోపలి చల్లగాలితో పాటు పాత వాసన గుప్పున ముఖానికి తగిలింది.

"ఇంత మంచి రోజున ఒక్క గుక్క వేస్తే ఏమవుతుందిలే" అన్నారెవరో వెనకనుంచి.

నిజమే కదా, అనుకున్నాడు డ్రైవరు. అనుకున్న మరుక్షణం హడలిపోయాడు. "ఫోనొచ్చిందిరా" అని అబద్ధమాడి మెట్టు దిగి, గబగబా మాస్టారి నంబరు నొక్కాడు.

"మాస్టారూ! పాసయ్యాను!"

"శెభాష్! ఎక్కడున్నావ్?"

"బారు ముందు."

"దిగులుగా ఉందా, సంతోషంగా ఉందా?"

"సంతోషమే మాస్టారూ! గుండె పట్టనంత!"

"అయ్యో, అదే మరీ ప్రమాదం. దిగులొస్తే జాగ్రత్తపడతాం, సంతోషమొస్తే ఒళ్ళు మరిచిపోతాం. ఫోను పెట్టెయ్యకు. నేను కేంద్రంలోనే ఉన్నా, ఇటు నడుస్తూ ఆ పరీక్షంతా నాకు మొదటినుంచీ చెప్పు."

డ్రైవరు నడక మొదలుపెట్టాడు. కండక్టరు వెనకనుంచి కేకేస్తే చెయ్యి ఊపాడు తప్ప ఆగలేదు. తాళం తిప్పడం దగ్గర మొదలుపెట్టి ప్రతి మలుపూ చెప్పాడు. రివర్సు గేరు దగ్గరికొచ్చేసరికి గొంతు ఎంత పెరిగిందంటే, చెప్పుల కొట్టువాడు బయటికొచ్చి చూశాడు. మాస్టారు ఊరుకుంటాడా? "ఏ అద్దం ముందు చూశావ్? స్తంభానికి ఎంత దూరంలో ఆగింది?" అని లెక్కలడుగుతూనే ఉన్నాడు.

కేంద్రం తలుపు తోసుకుని వచ్చేసరికి లోపల సాయంత్రం సమావేశం నడుస్తోంది. కుటుంబాలు వచ్చే రోజు కావడంతో గది నిండుగా ఉంది. డ్రైవరు నోరు తెరవకముందే, చెవి దగ్గర ఫోనుతోనే మాస్టారు గదిలోంచి అరిచాడు.

"పాసయ్యాడు!"

గది గోలెత్తిపోయింది. కౌన్సెలరు చేతిలో కాగితాలు పక్కన పడేసి, "ఎలా నడిపారో మాకూ చూపించాలి" అంది. అంతే, గుండ్రంగా ఉన్న కుర్చీలు బరబరా జరిగి రెండేసి చొప్పున వరసలయ్యాయి. డ్రైవరు అందరికంటే ముందు కూర్చుని గాల్లో స్టీరింగు తిప్పాడు. మలుపొస్తే అందరూ ఒక పక్కకి ఒరిగారు, బ్రేకేస్తే ముందుకి తూలారు. డాక్టరమ్మ కండక్టరయి, "జరగండి, లోపలికి జరగండి!" అని అరిచింది.

సరిగ్గా అప్పుడే డ్రైవరు భార్య పని ముగించుకుని గుమ్మంలోకొచ్చింది. పెద్దవాళ్ళంతా కుర్చీల్లో ఊగుతుంటే నోరెళ్ళబెట్టి నిలబడిపోయింది.

"ఉద్యోగం వచ్చేసింది!" అన్నాడతను ఒక్క గెంతులో లేచి.

ఆమె కళ్ళు తళుక్కుమన్నాయి. దగ్గరికొచ్చి, "అయితే ఇంటికొచ్చేస్తారా? పిల్ల రోజూ అడుగుతోంది" అంది మెల్లగా.

వస్తానని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట ఆపుకున్నాడు.

"ఇంకొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటానే. ఇందాక సంతోషంలో బారు మెట్టెక్కాను. తాగలేదు, మాస్టారికి ఫోను చేశాను. కానీ ఎక్కాను."

కోప్పడుతుందనుకున్నాడు. ఆమె మాత్రం అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇన్నేళ్ళలో నేనడక్కుండా మీరు నిజం చెప్పడం ఇదే మొదలు. ఉండండి. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండండి. సోమవారం పిల్లని తీసుకుని మీ బస్సెక్కుతాను."

"నిజంగానా? మొదటి ట్రిప్పేనా?"

"మొదటి ట్రిప్పే! ముందు సీటు మాకే ఉంచాలి" అంటూ ఆమె నవ్వేసింది. అతను ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో! ఉన్నచోటే రెండు గంతులేశాడు. వెనక వరసలోంచి మాస్టారు, "బండి తియ్యవయ్యా, ఆలస్యమవుతోంది!" అని కేకేశాడు.