అసూయకు పెట్టిన ముఖం

తడి సున్నం వాసన.

1338, అక్టోబరు. సియెనా నగరానికి వెళ్ళే దారిలో, కొండ మీద మా ఊరు. సభాభవనం గోడకు నేను సున్నం పూస్తాను. నెరి మేస్త్రి దాని మీద బొమ్మ వేస్తాడు. పొద్దున పూసినంత మేరే వెయ్యాలి. సాయంత్రానికి ఆరిపోతుంది. ఆరాక రంగు గోడదైపోతుంది.

ఊరిపెద్దలు సుగుణాలూ దుర్గుణాలూ వెయ్యమన్నారు.

మొదటి రోజు దయ. ఒళ్ళో ఇద్దరు పిల్లలతో ఒక స్త్రీ.

రెండో రోజు అసూయ. నోట్లోంచి పాము.

పాము వచ్చింది. ముఖం రాలేదు.

"అసూయకు ఒళ్ళు లేదు కదయ్యా," అన్నాడు నెరి. "కంటికి కనబడనిదాన్ని చూపించమంటారు. ఎవరి ఒంట్లోకో దింపాలి. మొదట్నుంచీ అంతే. ప్రేమకు రెక్కలుండగా ఎవడు చూశాడు? న్యాయానికి తక్కెడ ఎవడిచ్చాడు?"

"మాట్లాడుతూ కూర్చో. సున్నం ఆరిపోతోంది," అన్నాను.

మధ్యాహ్నం లాపా మాకు రొట్టె తెచ్చింది. ఊరి బట్టీ ఆమెది. ఆడవాళ్ళు పిండి ముద్దలు తెస్తారు, ఆమె కాల్చి ఇస్తుంది.

రొట్టె కింద పెట్టి తలెత్తింది.

దయను చూసింది. దయ ఒళ్ళో ఇద్దరు పిల్లలు.

లాపాకూ ఇద్దరుండేవారు. ఒకే వారంలో జ్వరంతో పోయారు.

చూస్తూ ఉండిపోయింది…

నెరి ఆమె ముఖం చూశాడు. కుంచె కదిలింది.

సాయంత్రానికి ఆరిపోయింది.

బొమ్మ కింద 'అసూయ' అని రాశారు. మా ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళు ముఖం చదివారు.

పిండి మీద గుడ్డ కప్పి తేవడం మొదలైంది. లాపా కళ్ళు పడితే పొంగదట.

"కాస్త అటు తిరుగు లాపా, పెట్టేసి పోతాను."

"అటు తిరిగితే పిండి అనుకుని నీ తల కాల్చేస్తానేమో, చూసుకో."

నవ్వలేదు ఎవరూ. పది రోజులకు బట్టీ చల్లారింది.

లాపా సభాభవనం గుమాస్తా దగ్గరకు వెళ్ళింది.

"అది నువ్వు కాదమ్మా. అసూయ. కింద రాసి ఉంది."

"రాత మీది. ముక్కు నాది."

తర్వాత మా దగ్గరకు వచ్చింది.

"నేను ఓర్వలేక చూశానా, మేస్త్రీ?"

నెరి కుంచె కడగసాగాడు.

"ఏమో, ఓర్వలేకేనేమో. నాకే తెలీదు. నీళ్ళ తొట్టిలో చూసుకుంటే నాకూ పామే కనబడుతోంది. తీసెయ్యి నాయనా."

ఆదివారం పెద్దలంతా చర్చిలో ఉండగా నేను ఉలి పట్టాను. బొమ్మ కళ్ళు ముందు రాలాయి. ఆ మేరకు కొత్త సున్నం పూశాను.

నెరి కుంచె పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళమ్మ ముఖం గుర్తొచ్చిందన్నాడు. నాది గుర్తొచ్చిందన్నాడు. ఎవరిదీ కాని ముఖం — రాలేదు.

"ఎవరిదీ పెట్టకు," అంది లాపా కింది నుంచి.

సాయంత్రానికి ఆరిపోయింది. ఖాళీగానే.

మర్నాడు ఊరు వచ్చి చూసింది. పాము ఉంది. ముఖం లేదు.

"లాపా," అన్నారు.

ఖాళీ చోటును వేలితో చూపించి — "అదుగో, లాపా."

తొలి మంచు కురిసిన రోజున ఆమె ఇంటి తలుపు తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. ఎటు వెళ్ళిందో చూసినవాళ్ళు లేరు.

గోడ అలాగే ఉంది. వాన పడిన రోజున ఆ ఒక్క చోటే చెమ్మ పీల్చి నల్లబడుతుంది. ఇప్పుడే పూసినట్టు. ఇంకా ఆరనట్టు.

ఆ గదిలో పని ఉంటే నేను తల వంచుకుని వెళ్తాను. దయ వైపు చూడను. ఆమె ఒళ్ళో పిల్లల వైపు చూడను.

నాకు పిల్లల్లేరు.

ఈ రోజు వాన. తల వంచుకునే ఉన్నాను. అయినా —

తడి సున్నం వాసన…