మూడు మిల్లీసెకన్ల తేడా

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో తాతాజీ గారి వాచీల షాపుకి ఆ వేసవిలో కొత్త మెకానిక్ వచ్చిందని బజారంతా అనుకుంది. నిజానికి ఆమె ఆయన కోడలు నాగదుర్గ. కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. మేడ మీద ఉక్కపోత భరించలేక షాపులో ఏసీ కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది.

"మా కోడలు ఆకాశంలో వాచీలు చూస్తుందండి," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు తాతాజీ.

వేళాకోళమే అయినా అబద్ధం కాదు. సెకనుకి ముప్పైసార్లు తిరిగే నక్షత్రం ఒకటుంది. తిరిగినప్పుడల్లా దాని ఎక్స్‌రేలు మెరుపులా వచ్చి పోతాయి. ఒకే రోజున రెండు ఉపగ్రహాలు ఆ మెరుపుల వేళల్ని రాసిపెట్టాయి. రెండూ కలవాలి. నాగదుర్గ లెక్కలో కలవడం లేదు. ఎనిమిది రోజులుగా అదే పని. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

"తేడా ఎంతమ్మా?"

"మూడు మిల్లీసెకన్లండి, మావయ్యగారూ."

"దానికేనా మాకీ ఉప్పుప్పు పప్పు?"

నవ్వూ ఉక్రోషమూ ఒక్కసారే వచ్చాయి నాగదుర్గకి. "ఆ మూడింటిలో నక్షత్రం పదో వంతు తిరిగిపోతుందండి."

తాతాజీ కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టారు. "పైన ఉపగ్రహంలో ఉన్న గడియారం వేడికీ చలికీ అటూ ఇటూ అవదా?"

"అవుతుందండి. అందుకే ఇక్కడి గడియారంతో పోల్చి, ఎంత సరిచెయ్యాలో పట్టిక ఇస్తారు. అది వేసే చేశాను."

"ఏ తేదీది?"

"తేదీ ఏంటండి?"

"చలికాలంలో సరిచేసిన వాచీ వేసవిలో అలాగే నడుస్తుందేంటి? నేనైతే బాగుచేసిన ప్రతి వాచీ కవరు మీదా తేదీ వేస్తాను."

విసుగ్గానే ఫైలు తెరిచింది. పట్టిక ఫిబ్రవరిది. నక్షత్రాన్ని చూసింది ఏప్రిల్ చివర్లో. నడుమ రెండు నెలల తేడాని ప్రోగ్రాం తోచినట్టు ఊహించుకుంది. నాగదుర్గ కొత్త పట్టిక దించుకుని మళ్లీ నడిపింది. రెండు వరుసల మెరుపులూ ఒకదాని మీదొకటి కుదురుగా కూర్చున్నాయి. ఆమెకి ముందు సిగ్గేసింది, తర్వాత ఆకలేసింది.

ఆమె పంపిన కొత్త లెక్క చూసి సాయంత్రం పీహెచ్‌డీ గైడ్ ఫోన్ చేశారు. "తప్పు ఎవరు పట్టుకున్నారమ్మా?"

"ఇక్కడ సీనియర్ ఒకాయన ఉన్నారండి. టైమింగ్‌లో నలభై ఏళ్ల అనుభవం."

"అలాగా. ఏ ఇన్‌స్టిట్యూట్?"

"మెయిన్ రోడ్డండి, రామచంద్రపురం."

తాతాజీ చేతిలో వాచీ మీంచి తల ఎత్తలేదు. "మీ గైడ్ గారి చేతి వాచీ ఎలా నడుస్తోందో కూడా అడుగమ్మా," అన్నారు.