వైద్యులు లేని రాజ్యం

కిందటిసారి మా ఆట చెడింది నా మెతకదనం వల్లే. ఎవరికి నచ్చిన వేషం వాళ్ళు వేసుకోండి అన్నాను. మా స్నేహితుడు స్పానర్ రెక్కల రాక్షసుడై వచ్చాడు. మా చెల్లి సగం చేప, సగం మహారాణి. రెండో ఆదివారానికల్లా రాక్షసుడు కోట మీంచి ఎగిరి, నిప్పులు కక్కి దొంగల రాజుని గుహలోనే కాల్చేశాడు. నేను ఆర్నెల్లు కూర్చుని అల్లిన కథ అరగంటలో బూడిదైంది.

మాది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. నేను కథ చెబుతాను. వాళ్ళు అందులో తలో పాత్ర అయి, ఏం చేస్తారో చెబుతారు. ఆ పని అయిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు నా బైండింగ్ షాపు వెనక గదిలో, కాగితాలు కోసే బల్ల మీదే ఆడతాం.

ఈసారి బుద్ధి తెచ్చుకుని, మిగిలిన అట్టముక్క మీద షరతులు రాసి గోడకి కొట్టాను. సైనికుడు, దొంగ, పడవవాడు, లేఖరి. ఈ నలుగురిలోనే ఎంచుకోవాలి. రెక్కలు లేవు, కొమ్ములు లేవు, మంత్రాలు లేవు. అన్నిటికన్నా కింద: వైద్యులు లేరు.

"అన్యాయం," అన్నాడు స్పానర్. అతను డిపోలో బస్సులు బాగుచేస్తాడు, ఆ పేరు అందుకే. "వారమంతా బస్సుల కింద పడుంటాను. ఇక్కడైనా ఎగరనివ్వవా?"

"పడవెక్కు. ఎండా గాలీ తగుల్తాయి," అన్నాను.

ఆఖరి షరతు మాత్రం మా వదిన కోసం పెట్టాను. వదిన ఆసుపత్రిలో నర్సు. తొమ్మిదేళ్ళుగా ఆటలోనూ వైద్యురాలే. ఎవరికి దెబ్బ తగిలినా ఆవిడ వైపే చెయ్యి చాపుతారు. మిగతావాళ్ళు కత్తులు దూస్తుంటే ఆవిడ కట్లు కడుతూ కూర్చునేది. ఒక్కసారైనా హాయిగా దొంగతనాలు చేసుకోనీ అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వదిన అట్టని రెండుసార్లు చదివి, "సరే, దొంగనవుతాను," అని కూర్చుంది.

రెండు వారాలు చక్కగా దొంగిలించింది. ఖజానా తాళాలు, సేనాపతి ఉంగరం, ఆఖరికి లేఖరి వేషం వేసిన చెల్లి రాసుకున్న కాగితాలు కూడా. కానీ మొహంలో నవ్వు లేదు. మూడో వారం వస్తూనే, "డ్యూటీలు ఎక్కువయ్యాయి మరిదీ. వచ్చే వారం నుంచి రాలేనేమో," అంది. ఆవిడ లేని ఆట నేను ఆడలేను, ఆ మాట ఆవిడకి చెప్పనూ లేను.

ఆ రోజే పడవవాడికి బాణం తగిలింది. స్పానర్ పాచిక వేశాడు. ఒకటి పడింది. ఇక బతకడు.

"అక్కా!" అంటూ అలవాటుగా చెయ్యి చాపాడు. చెల్లీ వదినకేసే చూసింది. ఆ షరతు రాసిన నేనూ ఆవిడకేసే చూశాను.

"నేను దొంగని తమ్ముడూ," అంది వదిన. "నాకేం చేతకాదు."

పాచికని బల్ల మధ్యకి తోసేసింది.

"నీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని వదినా..." అని నసిగాను.

"విశ్రాంతి ఎవరడిగారయ్యా నిన్ను? ఈ నెల మా వార్డులో ముగ్గురు పోయారు. చెయ్యాల్సిందంతా చేశాం, అయినా పోయారు. ఇక్కడ నేను చెయ్యి వేస్తే మనిషి లేచి కూర్చుంటాడు. దానికోసమే కదా వస్తున్నాను! అదే తీసేశావు."

తొమ్మిదేళ్ళలో ఆ ముక్క నాకు తట్టనేలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. రాసిన షరతు మార్చడమంటే నాకు తల తీసేసినట్టు ఉంటుంది. అయినా లేచి, అట్ట ఊడదీసి, పెన్నుతో పాటు ఆవిడ ముందు పెట్టాను.

"నువ్వే కొట్టెయ్ వదినా."

"అయితే నా రెక్కలు కూడా..." అన్నాడు స్పానర్.

"నువ్వు చచ్చిపోయావు. మాట్లాడకు," అంది చెల్లి. అతను బుద్ధిగా బల్ల మీద తల వాల్చేశాడు.

వదిన పెన్ను తీసుకుంది. కొట్టెయ్యలేదు. "వైద్యులు లేరు" అన్న మాట కింద, మందుల చీటీ మీద రాసినట్టు గబగబా రాసింది: "నేను తప్ప."

తర్వాత స్పానర్ తల మీద చెయ్యి వేసి, "లే తమ్ముడూ, పడవ కొట్టుకుపోతోంది," అంది.

అతను ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. పాచిక వెయ్యమని నేను అడగలేదు.

"వచ్చే ఆదివారం రెండింటికే మొదలుపెడదాం," అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "సాయంత్రం నాకు డ్యూటీ ఉంది."