పిడి కింద బొటనవేలు

ఆ ఉదయం ఆకాశం తడి ఆరని మట్టిముద్దలా కిందికి దిగి ఉంది. వాన మాత్రం పడలేదు. మూడు రోజులుగా చల్లారుతున్న బట్టీ తలుపు ఇటుకల్ని నా భర్త డెల్బర్ట్ ఒక్కొక్కటే తీస్తున్నాడు. గేటు బయట కొనేవాళ్ళ కార్లు బారులు తీరాయి. నేను వంటింట్లో చిక్కుడుగింజలు కలుపుతున్నాను.

పదకొండేళ్ళ కిందట మామయ్యకి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి కుమ్మరి సారె ముందు కూర్చునేది నేనే, కొనేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. మా ఇంటిపేరు పర్విస్. పర్విస్ వాళ్ళ జాడీ అంటే పిడి కింద బొటనవేలితో నొక్కిన గుంట ఉండాలి. అది చూసే కొంటారు. ఆ గుంట నాది. అడుగున పేరు ముద్ర మామయ్యది. "ఇంటిపేరు చూసి వస్తారు లోరీన్, నీ పేరెవరిక్కావాలి?" అంటూ డెల్బర్ట్ తాగిన కాఫీ కప్పు నావైపు జరిపేవాడు, కడగమని.

పోయిన వసంతంలో కొనడానికొచ్చిన ఒకాయన ఆ గుంటలో తన వేలు పెట్టి చూశాడు. పట్టలేదు. "ఇదేంటి పెద్దాయనా, నీ వేలింత సన్నమా?"

"ఎండేకొద్దీ కుంచించుకుపోతున్నా బాబూ, మట్టిలాగే" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. నిమ్మరసం గ్లాసులు అందిస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు చాలా రోజులు నోట్లో ఇసకలా తగిలింది.

ఈసారి ముద్ర పక్కన పెట్టేశాను. నూటనలభై పచ్చి జాడీల అడుగున మేకుతో నా పేరు గీశాను. బట్టీలో పేర్చేదీ నేనే. డెల్బర్ట్ మంట చూస్తాడు, జాడీలకి మెరుపు రావడానికి మంటలో ఉప్పు చల్లుతాడు, అంతే.

"ఏంటే ఇది?" వెచ్చటి జాడీని బోర్లించి పట్టుకుని డెల్బర్ట్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "దీన్నెలా చెరపడం?"

"చెరగదు. కాల్చింది నువ్వేగా. పగలగొట్టుకోవాలి."

మెట్టుకేసి కొట్టాడు. గేటు దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి. ఇంకోటి ఎత్తబోతే మామయ్య ఎడమచేత్తో ఆపాడు. దాన్ని తిప్పి, నా పేరు మీద నెమ్మదిగా వేలు నడిపాడు.

"చాల్లే. గేటు తియ్యిరా" అన్నాడు. నావైపు చూడలేదు.

జనం వెళ్ళిపోయాక ముగ్గురం చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టుకుని కూర్చున్నాం. మామయ్య ఎడమచేత్తో తింటుంటే గింజలు చొక్కా మీద ఒలికాయి. రోజూ లేచి తుడిచేదాన్ని. ఆ రోజు నా రొట్టె నేను తింటూ కూర్చున్నాను. డెల్బర్ట్ చాలాసేపు నన్నే చూశాడు. తర్వాత లేచి గుడ్డ తెచ్చాడు.