ఠాణా వాకిట్లో మునుం

మా అవ్వ కుంట ఒడ్డున బోర్లా పడిపోయినప్పుడు ఆమె వీపున గడ్డిమందు ట్యాంకు ఉంది. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది కాంట్రాక్టరు బాలకిషన్. వచ్చి ఏం చేశాడనుకున్నారు? బెల్టులు విప్పి ట్యాంకును పక్కకు లాగి, కుంట నీళ్ళతో అడుగంతా కడిగాడు. ఆ తర్వాతే అవ్వను వెల్లకిలా తిప్పాడు. ట్యాంకు ఎందుకు కడిగాడో నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

నా పేరు పూర్ణిమ. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, ఆమె పేరు రుక్మిణమ్మ. మాది ఎంకపల్లి. మొయినాబాద్ చుట్టుపక్కల వెంచర్ల రాళ్ళకూ ఫామ్‌హౌసుల గోడలకూ మధ్య ఒక చిన్న అడవి ముక్క మిగిలింది. సర్కారు దాని చుట్టూ ఇనుప జాలీ కట్టి పార్కు అని బోర్డు పెట్టింది. లోపల ఒక కుంట, రేల చెట్లు, తంగేడు పొదలు, పొద్దున పూట నెమళ్ళు. వాటి మధ్య నడుమెత్తు వయ్యారిభామ, దాన్ని మించి సర్కారు తుమ్మ, కుంట మీద గుర్రపుడెక్క. ఎక్కడినుంచో వచ్చి, ఇక్కడున్నవాటికి ఊపిరాడకుండా చేసే జాతి అది. వెంచర్లు కూడా అదే జాతి అంటే నాకు రాజకీయం ఎక్కువైందంటారు, అనను. ఆ పిచ్చి మొక్కలను తీసేసి అడవి మొక్కను బతికించడమే మా పని. ఎంకపల్లి, చిల్కూరు ఆడవాళ్ళం అంతా కలిసి పొద్దున్నే ఆటోల్లో దిగేవాళ్ళం.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఈ కథలో వీరనారి కోసం వెతక్కండి, దొరకదు. నేనైతే చెప్పక్కర్లేదు, పోలీసు జీపు చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే రకం. మేమంతా భయస్తులమే.

మొదట్లో మేము మునుం పట్టి కలుపు తీసేవాళ్ళం. చేను ఎరుగని వాళ్ళకు చెప్పాలి. మునుం అంటే అందరం ఒక వరుసలో కూర్చుని, ఎవరి ముందున్న పట్టీ వాళ్ళు పీకుతూ ముందుకు జరగడం. ఒకామె వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆమె పట్టీలో చెయ్యేస్తారు. మునుం గట్టుకు చేరేదాకా ఎవరూ నడుం లేపరు. మా మునుం నడిపేది చిల్కూరు సాయమ్మ. వాన పడ్డ మర్నాడు, పూత రాకముందు, వేరుతో సహా వయ్యారిభామను పీకించేది. పీకిన చోట తంటెం విత్తనం చల్లించేది. తంటెం లేచిన చోట వయ్యారిభామ పెద్దగా లేవదు.

ఇంతలో పెద్దసారెవరో వాకింగ్ ట్రాక్ ప్రారంభించడానికి వస్తాడన్నారు. బాలకిషన్‌కు తొందర పుట్టింది. చేవెళ్ళలో అతనిదే ఎరువుల దుకాణం. అక్కడినుంచి పాత ట్యాంకులూ గడ్డిమందూ దించి, తలా ఒకటి వీపుకు తగిలించాడు. మందు కొట్టిన చోట తంగేళ్ళు మాడిపోయాయి, సర్కారు తుమ్మ మాత్రం మోడు నుంచి మళ్ళీ చిగురేసింది. మునుం చెదిరిపోయింది. ట్యాంకు మోసేవాళ్ళం తలో దిక్కు వెళ్ళేవాళ్ళం. పక్కన ఎవరున్నారో, ఎవరికేమవుతున్నదో చూసే దిక్కు లేదు. అందుకే అవ్వ ఎప్పుడు తూలిందో మాకెవరికీ తెలియలేదు.

దవాఖానలో పోలీసాయన రాగానే బాలకిషన్ ఎదురెళ్ళాడు.

"మందు తాగింది సార్. ఇంట్ల ఏమో లొల్లి అయ్యిందట. నేనేం జెయ్యాలె జెప్పుండ్రి?"

పోలీసాయన తలూపాడు. మా దిక్కున గడ్డిమందు పేరు చెప్పి ఎవరిని దవాఖానకు తెచ్చినా తాగిందనే నమ్ముతారు. పత్తి చేలు అన్ని చావులు చూపించాయి మరి.

తర్వాత బాలకిషన్ నన్ను వరండా చివరకు పిలిచాడు.

"పూర్ణిమా, సదువుకున్న పిల్లవు. మీ అవ్వను పట్నంల పెద్ద దవాఖానకు నేనే తోలిస్త, ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల పార్కుకాడికి ఎస్సై వస్తడు. అందరి ముంగట తాగిందని ఒక్క మాట చెప్పు. లేదంటవా, నాకేం సంబంధం లేదు. ఠాణా చుట్టు నువ్వే తిరుగు."

మెత్తగానే అన్నాడు. నాయిన పోయాక నాకు అవ్వ, అవ్వకు నేను. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అతను అవుననే అనుకుని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

బట్టలు మార్చమని నర్సు చెప్పింది. పనిలో మేమంతా చీర మీద మగవాళ్ళ చొక్కాలు వేసుకుంటాం. అవ్వ చొక్కా వెనక నడుముకు అంటుకుపోయి ఉంది. నీళ్ళు చల్లి మెల్లగా తీశాను. అమ్మో! ట్యాంకు అడుగు ఆనే చోట, అంత మేరా, తోలు ఊడి పచ్చిగా ఉంది.

"ఇదేందే అవ్వా! ఎప్పటిసంది?"

"శానొద్దులాయె బిడ్డా. వయ్యారిభామ దురదనే గదా అని కొబ్బరినూనె రాసుకున్న. చెప్తే పనికి ఒద్దంటడాయె."

వయ్యారిభామ దురద మాకందరికీ తెలుసు. చేతులకొస్తుంది, మెడకొస్తుంది, కళ్ళు వాస్తాయి. చొక్కా కింద నడుముకు ఎందుకొస్తుంది? అవ్వ నోరు తెరిపించి చూశాను. నాలుక బాగుంది, పెదవులు బాగున్నాయి. అప్పుడు అర్థమైంది వాడు ట్యాంకు అడుగు ఎందుకు కడిగాడో.

డాక్టరమ్మ వచ్చి వీపూ నోరూ చూసింది. "ఇది తాగింది కాదు, కారి కాలింది. నేను రాస్తాను. పట్నం సర్కారు దవాఖానకూ పంపిస్తాను, ఊపిరితిత్తులకు పాకితే కష్టం. కానీ పోలీసులు మీ మాట కూడా అడుగుతారు, గట్టిగా చెప్పాలి" అంది.

గట్టిగా! పోలీసు జీపు చూస్తేనే రోడ్డు దాటేదాన్ని నేను.

పొద్దున అంబులెన్సు వచ్చింది. కబురందుకుని వచ్చిన మా చిన్నమ్మ తోడుగా ఎక్కింది. నేనూ ఎక్కబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎగబీలుస్తూ అంది:

"నువ్వు పార్కుకాడికి పో. మీ నాయిన సచ్చిన్నాడు తాగలే నేను. ఇప్పుడు తాగుతనా? తాగిందని రాస్తే సచ్చినా బతికినా ఆ మాట నా మీదుంటది."

పార్కు గేటు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. కొత్తగా తెచ్చిన ట్యాంకులు వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి దగ్గరికి ఎవరూ పోలేదు, పోమని ఎవరూ అనలేదు. ముందుగా నిర్మలమ్మ మాట అందుకుంది. మాలో నోరు పెద్దది ఆమెకే.

"నోరు మూసుకోని కాంట్రాక్టరు చెప్పిందే చెప్పుండ్రి. ఠాణాలు, కేసులు మనతోనైతయా? పనిల నుంచి తీసేస్తే రేపు మన పొయ్యి ఎవడు ముట్టిస్తడు?"

"మునుంల ఎనుకవడ్డదాన్ని ఇడిశి పోతమానే నిర్మలా?" అని సాయమ్మ అడిగింది.

"ఇది చేను గాదు సాయమ్మక్కా. ఈడ మునుం లేదు, మన్ను లేదు. ఎవరి ట్యాంకు ఆళ్ళదే."

"రుక్మిణమ్మ తాగిందంటవా మరి?"

"నేను చూసిన్నా? తాగిందేమో, ఎవరి కడుపుల ఏమున్నదో!"

నాకు ఒళ్ళు మండింది. భయం భయంగానే ఉంది, అయినా మండింది. "మా అవ్వ నోరు కాలలేదు, వీపు కాలింది" అన్నాను. చొక్కా ఎక్కడ అంటుకుందో నా నడుము మీదే చెయ్యి పెట్టి చూపించాను. వయ్యారిభామ దురద అనుకుని నూనె రాసుకుందని కూడా చెప్పాను.

నిర్మలమ్మ చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి, నడుము మీదికి పోయింది.

"నీకు గూడనానే?" అంది సాయమ్మ.

నిర్మలమ్మ ఏడుపు మొహం పెట్టింది. "దురదనే అనుకున్ననే అక్కా. కాంట్రాక్టరు గూడ గదే అన్నడు, మాన్తదన్నడు."

పనిముట్ల షెడ్డు వెనక్కి వెళ్ళి చొక్కాలెత్తి ఒకరి వీపు ఒకరం చూసుకున్నాం. ఎర్రగా ఒకరికి, నల్లగా పొక్కి ఒకరికి. లేనివాళ్ళు లేరు. ఎవరి వీపు వాళ్ళకు కనబడదు కదా. పక్కామె చూడాలి. పక్కామె లేకుండా చేసింది ఆ ట్యాంకే. నా వీపు చూసి సాయమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. నాకూ ఉందని అప్పుడే తెలిసింది.

బయటికి వచ్చేసరికి ఎస్సై జీపు ఆగి ఉంది. పక్కనే బాలకిషన్, ఇస్త్రీ చొక్కాలో.

"చెప్పు పూర్ణిమా" అన్నాడు బాలకిషన్.

నోరు తెరిచాను. గాలి తప్ప మాట రాలేదు. సాయమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది.

"తాగలే సార్. ట్యాంకు కారి ఈపు కాలింది. ఇగ మేము ట్యాంకు ఎత్తుకోం. చేతుల తోనే తీస్తం కలుపు."

"గీమెనే సార్ అందర్ని ఎగేసేది" అన్నాడు బాలకిషన్. "నా ట్యాంకు గూడ గీమెనే పలగ్గొట్టింది. కేసు పెడ్త."

ఎస్సై ఎవరినీ ఏమీ అడగలేదు. "ఎక్కు" అన్నాడు. లేడీ కానిస్టేబుల్ సాయమ్మ రెక్క పట్టుకుంది. అంతే, జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

మేము అక్కడే రాళ్ళలా నిలబడిపోయాం. "ట్యాంకులు ఎత్తుకుంటరా, ఇండ్లకు పోతరా?" అని బాలకిషన్ అరిచాడు. ఇళ్ళకు పోదామనే నా కాళ్ళు లాగాయి. నిర్మలమ్మ తన కొడవలి తీసి గేటు పక్కన పెట్టింది.

"మీవి గూడ ఈడ పెట్టుండ్రి. పట్టుకపోతే దానికో కేసు పెడ్తరు. నడువుండ్రి."

"యాడికే?" అన్నారెవరో.

"సాయమ్మక్క యాడుంటే ఆడికి. నేనే అన్న గదా మునుం లేదని. నా నోరు పడిపోను."

రోడ్డు వెంట నడిచాం. చిల్కూరు గుడికి పోయే ఆటోలు ఆగి, ఏమైందమ్మా అని అడిగాయి. ఫామ్‌హౌసు కార్లు హారన్ కొట్టుకుంటూ పోయాయి. ఎదురుగా ఖాకీ చొక్కా కనబడ్డ ప్రతిసారీ మేమంతా ఒకరి కొంగు ఒకరం పట్టుకున్నాం. తీరా చూస్తే ఒకడు ఆర్టీసీ డ్రైవరు, నవ్వు కూడా రాలేదు.

ఠాణా లోపలికి రానివ్వలేదు. వాకిట్లో కూర్చోమన్నారు. పట్టుబడ్డ బండ్లు తుప్పు పట్టి పడున్నాయి, వాటి మధ్య నడుమెత్తున వయ్యారిభామ తెల్లగా పూసి ఉంది. వరుసగా కూర్చున్నాం. లోపలినుంచి ఏవో అరుపులు. ఎవరిని కొడుతున్నారో, సాయమ్మనేమో అని ప్రాణం పోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వణికే చేతిని దాచుకోవడానికేమో, ఎవరో ముందున్న మొక్కను మొదట్లో పట్టుకుని పీకారు. పక్కామె ఇంకోటి పీకింది. కొంగులు చేతులకు చుట్టుకున్నాం. కాసేపటికి వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.

"ఏయ్! ఏం జేస్తున్నరు?" అని కానిస్టేబుల్ ఒకతను ఉరికొచ్చాడు.

"కలుపు తీస్తున్నం సార్" అంది నిర్మలమ్మ.

"ఎవరు తియ్యమన్నరు?"

"మా పనే గది సార్. ఇత్తనం రాలితే మల్లేడు మీకే తిప్పలు."

అతను తల గోక్కుని లోపలికి పోయాడు. కలుపు తీస్తే ఏ కేసు పెట్టాలో వాళ్ళకు తెలిసినట్టు లేదు.

వరుస నడుమ సాయమ్మ పట్టీ ఖాళీగా ఉంది. మునుంలో ఒక పట్టీ వదిలేస్తే కలుపు అక్కడినుంచే మళ్ళీ పాకుతుంది. నేనెప్పుడూ చివరే కూర్చునేదాన్ని, ఇక్కడా గోడ పక్కన కూర్చున్నాను. అక్కడైతే ఎవరి కళ్ళూ పడవు. లేచి వెళ్ళి సాయమ్మ పట్టీలో కూర్చున్నాను. ఇప్పుడు ఠాణా తలుపు సూటిగా నాకెదురుగా ఉంది.

కిటికీలోంచి ఒక్కసారిగా సాయమ్మ గొంతు వినబడింది.

"ఓ నిర్మలా! ఆ బండి కింద ఇడిసినవేమే? ఏరుతోని పీకు, తెంపకు!"

"బతికున్నదే ముసలిది!" అని నిర్మలమ్మ ఏడుస్తూ నవ్వింది. మేమందరం నవ్వాం. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, కానీ ఇప్పుడు అన్నీ ఒక వరుసలో వణుకుతున్నాయి.

గోడ అవతల జనం ఆగారు. కాలేజీ పిల్లలు ఫోన్లు ఎత్తారు. మునుం మెల్లగా జరిగి జరిగి ఠాణా మెట్లకు చేరింది. అప్పుడు నడుం లేపాం.

ఎస్సై మెట్ల మీదికి వచ్చాడు. "మీ లీడరెవరే?"

లీడరు ఉంటే కదా చెప్పడానికి. మాట రాదని తెలిసి నేను ఆయనకు వీపు తిప్పి నిలబడ్డాను. చొక్కా వెనక భాగం పైకెత్తాను. పక్కన నిర్మలమ్మ తిరిగింది. తర్వాత ఆమె పక్కామె. మునుం మునుమంతా ఠాణాకు వీపు తిప్పి, చొక్కాలెత్తి నిలబడింది. లేడీ కానిస్టేబుల్ "అయ్యో దేవుడా" అనడం మాకు వినబడింది.

ఆయన మొహం కనబడకపోవడం వల్లనేమో, నాకు మాట వచ్చింది.

"మా అవ్వ మందు తాగలే సార్. చూసి రాసుకోండ్రి. సాయమ్మను ఇడువుండ్రి."

"పోండ్రి ఇగ, చూస్తం లే" అన్నాడు ఎస్సై. గొంతులో ముందటి జోరు లేదు, అయినా సాయమ్మను బయటికి పంపలేదు. కాగితం కూడా తెప్పించలేదు.

మేము పోలేదు. నిర్మలమ్మ చొక్కా దించుకుని, కొంగు మళ్ళీ చేతికి చుట్టుకుంది.

"ఠాణా ఎనుక గూడ శాన ఉన్నది కలుపు. రాండ్రి, మునుం పట్టుండ్రి" అంది.

కాలేజీ పిల్లల్లో ఇద్దరమ్మాయిలు ఫోన్లు సంచిలో వేసుకుని గేటు దాటి లోపలికి వచ్చారు. ఎక్కడ కూర్చోవాలని అడిగారు. నేను జరిగి, నా పక్కన పట్టీ చూపించాను.